అద్దె సైకిలుపై ఆమ్‌స్టర్‌డామ్

పరదేశంలో ఒక మహానగరాన్ని చూడగోరే యాత్రికునికి సామాన్యంగా రెండు సాధనాలు లభిస్తాయి. ఒకటి కాలినడక, రెండవది మోటారు బండి. నడిచేవాడు సాయంకాలానికి అలసిపోతాడు; అతడు చూచినది నాలుగు వీధులకు మించదు. మోటారులో పోయేవాడు నగరమంతా చుట్టివస్తాడు. కాని అద్దం వెనుకనుంచి చూచిన దృశ్యం బసకు చేరేలోగానే చెదిరిపోతుంది. ఈ రెంటికీ నడుమ మూడవ సాధనం ఒకటి ఉన్నది. అది అద్దె సైకిలు. దానిమీద పోయేవాడు ఇష్టమైన చోట దిగవచ్చును. దారి తప్పితే వెనుకకు తిరగడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. పూటలో నగరం ఈ కొసనుంచి ఆ కొసకు పోవచ్చును. పోతూ పోతూ వంటింటి వాసన కూడ పసికట్టవచ్చును.

అద్దె సైకిలుకు మూలం నమ్మకం. మన పట్టణాలలో ఒక తరం క్రిందటి వరకు ప్రతి పేటలోను గంటల లెక్కన సైకిళ్లు అద్దెకిచ్చే షాపు ఉండేది. కుర్రవాడు ఫలానావారి అబ్బాయి అని తెలిస్తే చాలును. షాపు యజమాని పుస్తకంలో పేరు, బండి నంబరు, తీసుకొన్న వేళ వ్రాసుకొని సైకిలు చేతికిచ్చేవాడు. ఊరివారు ఒకరినొకరు ఎరిగి ఉండడమే అక్కడి హామీ. తండ్రి పేరు చెప్పినా, పేట పేరు చెప్పినా ఎవరికీ అర్థంకాని దూరదేశపు నగరంలో ఈ హామీ ఎక్కడి నుంచి వస్తుంది? ఊరూ పేరూ తెలియని పరాయివానికి ఒక నగరం తన బండినీ, ఆ బండి నడవడానికి తన వీధినీ ఎట్లా అప్పగిస్తుంది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకదలచినవారు హాలెండు దేశపు ఆమ్‌స్టర్‌డామ్ నగరానికి పోవాలి. ఆ నగరంలో సైకిలుకు వీధి సులభంగా దొరకలేదు. దాని వెనుక పన్నులున్నవి, పరాయి సేనల దోపిడి ఉన్నది, పసిపిల్లల చావులున్నవి, ప్రజల పట్టుదల ఉన్నది.

ఆమ్‌స్టర్‌డామ్ పేరులోనే దాని పుట్టుక ఉన్నది. ఆమ్‌స్టెల్ అనే నదికి అడ్డంగా పదమూడవ శతాబ్దంలో అక్కడివారు ఒక ఆనకట్ట వేసుకొన్నారు. నది పేరూ, ఆనకట్ట పేరూ కలిసి ఊరి పేరయింది. 1275లో హాలెండు ప్రభువు ఐదవ ఫ్లోరిస్ ఆ ఊరివారికి సుంకం మినహాయిస్తూ ఇచ్చిన శాసనంలో ఈ పేరు మొట్టమొదట కనిపిస్తుంది. నగరంలో పెక్కుభాగం సముద్రమట్టానికి సమంగానో, దిగువనో ఉన్నది. అది బురదనేల. ఇల్లు కట్టదలచినవాడు గట్టి ఇసుక తగిలేవరకు కొయ్య గుంజలు దింపి, వాటి తలలపై గోడలు నిలపాలి. డామ్ చౌకులో 1655లో ప్రారంభమైన పురమందిరం, అనగా ఇప్పటి రాజభవనం, 13,659 గుంజలపై నిలిచి ఉన్నది. బురదనేలకు ఒక సుగుణం లేకపోలేదు. దానికి కొండలు, గుట్టలు లేవు. సైకిలు త్రొక్కేవాడు కాలువల మీది వంతెనల మిట్టలు తప్ప మరొక ఎత్తు ఎక్కనక్కరలేదు.

రైల్వే స్టేషను పరిసరాలలో అద్దె సైకిళ్ల షాపులు చాలా ఉన్నవి. మేము వెళ్లిన షాపులో ముందుగా పాస్‌పోర్టు చూచి పేరు వ్రాసుకొన్నారు, ధరావతు పుచ్చుకొన్నారు, పిమ్మట రెండు తాళాలు చూపించారు. ఒకటి వెనుక చక్రానికి బిగించి ఉన్నది. రెండవది బరువైన గొలుసు. దానితో బండిని వంతెన కమ్మీకో, ఇనుప కటకటాలకో కట్టివేయాలి. రెండవ తాళం మరచినవాని సైకిలు తెల్లవారేవరకు ఉండదని షాపువారు నవ్వుతూనే చెప్పారు. ఆ నగరంలో ఇంచుమించు మనిషికొక సైకిలు ఉన్నది. ఏటా కాలువల అడుగునుంచి పైకి తీసేవే పన్నెండు వేలనుంచి పదిహేను వేల వరకు ఉంటాయని లెక్క.

మన దేశంనుంచి వెళ్లినవారు అక్కడ ముందుగా నేర్చుకోవలసినవి మూడు. మొదటిది, బండి కుడివైపున నడపాలి. రెండవది, అక్కడి పాత పద్ధతి సైకిళ్లలో పెడలును వెనుకకు త్రొక్కితే బ్రేకు పడుతుంది. మన అలవాటు చొప్పున ఊరికే పెడలు వెనుకకు త్రిప్పినవాడు నడివీధిలో చటుక్కున ఆగిపోతాడు. వెనుక వచ్చేవారు గంటలు మ్రోగిస్తారు. మూడవది, ట్రాము పట్టాలను ఏటవాలుగా దాటరాదు. ముందు చక్రం గాడిలో ఇరుక్కొంటుంది. పట్టాలకు సరిగా అడ్డంగానే దాటాలి. ఈ మూడూ వంటబట్టిన తరువాత ఎర్రరంగు వేసిన సైకిలు బాట పట్టుకొని పోతే చాలును.

తెలుగువారు మొదట చూడవలసిన చోటు డామ్ చౌకుకు కొద్దిదూరంలో ఒక ఇరుకు వీధిలో ఉన్నది. అది ఈస్టిండియా భవనం. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో స్థాపితమైనది. 1606లో కట్టిన ఈ భవనంలో కూర్చొని కంపెనీ పాలకులు సగం లోకపు వర్తకాన్ని నడిపించారు. వారి ఓడలు 1605లోనే మన మచిలీపట్నానికి చేరినవి. మరుసటి ఏట గోలకొండ సుల్తాను వారికి వర్తకపు హక్కులు అనుగ్రహించాడు. కోరమండల తీరపు నేత బట్టలు, అద్దకపు బట్టలు లేనిదే తూర్పు దీవులలో జాజికాయ, లవంగం దొరకని రోజులవి. ఆ దీవులవారు వెండికంటె మన బట్టలనే ఎక్కువగా కోరేవారు. కనుక డచ్చివారు ఇక్కడ బట్టలు కొని, అక్కడ సుగంధ ద్రవ్యాలు మార్చుకొని, ఆ సరకును ఆమ్‌స్టర్‌డామ్‌కు చేర్చేవారు. పాలకొల్లులోను, భీమునిపట్నంలోను కూడ వారి కోఠీలుండేవి. బందరులో ఒక పేటకు నేటికీ వలందపాలెం అనే పేరు నిలిచి ఉన్నది. హాలెండువారు ఉన్న పాలెం అని దాని అర్థం. ఇప్పుడు ఈస్టిండియా భవనం విశ్వవిద్యాలయం వారి అధీనంలో ఉన్నది. లోపలి ముంగిట విద్యార్థుల సైకిళ్లు గోడకు చేరవేసి ఉంటాయి. ఏ సాలెవాని మగ్గం చప్పుడు ఈ ముంగిలిని కట్టినదో వారిలో ఎందరికి తెలుసును?

అక్కడినుంచి పడమరగా పోతే వరుసగా మూడు పెద్ద కాలువలు వస్తాయి. ఇవి నగరాన్ని అర్ధచంద్రాకారంగా చుట్టి ఉన్నవి. పెద్దమనుష్యుల కాలువ, చక్రవర్తి కాలువ, రాజపుత్రుని కాలువ అని వాటి పేర్లకు అర్థం చెప్పుకోవచ్చును. వర్తకం తెచ్చిన ఐశ్వర్యంతో 1613లో వీటి త్రవ్వకం ఆరంభమైనది. 2010లో యునెస్కో వీటిని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది. గట్టువెంట సైకిలుపై పోయేవానికి ఇండ్ల ముఖభాగాలు ఎంత సన్నగా ఉన్నవో తెలుస్తుంది. ప్రతి ఇంటి నెత్తిమీదా ఒక దూలం ముందుకు పొడుచుకొని వచ్చి, దానికొక కొక్కెం ఉంటుంది. మెట్లు ఇరుకు గనుక, మేడమీది కొట్టుగదికి చేరవలసిన సరకుల మూటలను వీధిలోనుంచి మోకుతో లాగేవారు. నేటికీ ఇల్లు మారేవారు బీరువాలను ఆ కొక్కెంతోనే పైకి లాగుతారు.

మూడవ కాలువ గట్టున 263వ నంబరు ఇంటి ముందు యాత్రికులు బారులు తీరి ఉంటారు. ఇక్కడికి వచ్చేసరికి సైకిలు చరిత్ర మరొక మలుపు తిరుగుతుంది.

పందొమ్మిదవ శతాబ్దంలో హాలెండులో సైకిలు ధనికుల వినోదం. 1883లో సైకిలువారు ఒక సమాఖ్యగా కూడి మంచి బాటలు, దారి చూపే పలకలు కావాలని ఉద్యమించారు. ఇరవయ్యవ శతాబ్దపు మొదటి పాదం ముగిసేసరికి సైకిలు పనివాని బండి అయింది. బండి అందరిదీ కాగానే ప్రభుత్వపు కన్ను దానిపై పడింది. 1924లో సైకిలు పన్ను వచ్చింది. పన్ను కట్టినవారికి ఒక లోహపు బిళ్ల ఇచ్చేవారు. దానిని బండికి బిగించుకోవాలి. కట్టలేని నిరుపేదలకు బిళ్ల ఉచితమే. కాని దాని నడుమ ఒక రంధ్రం పొడిచి ఇచ్చేవారు. ఆ రంధ్రం చూచి, త్రొక్కేవాడు బీదవాడని వీధి అంతా గుర్తుపట్టేది. ఈ పన్నును 1941లో తొలగించినవారు జర్మను ఆక్రమణాధికారులు కావడం చరిత్రలోని ఒక విడ్డూరం.

ఆ ఔదార్యం ఎంతోకాలం నిలువలేదు. 1940 మే నెలలో హాలెండును ఆక్రమించిన జర్మనులు 1942 జూనులో యూదులందరూ తమ సైకిళ్లను అప్పగించాలని ఆజ్ఞాపించారు. యూదులు ట్రాములు ఎక్కరాదనే నిషేధం కూడ వచ్చింది. పదమూడేండ్ల ఆన్ ఫ్రాంక్ తన దినచర్యలో ఈ ఆంక్షలను వ్రాసి పెట్టింది. ఆమె సైకిలు అంతకు ముందే, ఈస్టరు సెలవులలో, దొంగలపాలయింది. 1942 జూలై 6వ తేదీ ఉదయం ఆ కుటుంబం అజ్ఞాతవాసానికి బయలుదేరినప్పుడు ఆన్ తన తల్లిదండ్రులతో వానలో నడచి ఈ కాలువ గట్టుకు వచ్చింది. అక్క మార్గోటు మాత్రం, కుటుంబానికి ఆప్తురాలైన మీప్ గీస్‌తో కూడ, అప్పగించక దాచి ఉంచిన సైకిలుపై వచ్చింది. ఒక పదహారేండ్ల బాలిక సైకిలుపై నగరవీధిలో పోవడం ప్రాణాపాయకరమైన నేరమైన దినమది. 1944 ఆగస్టు 4న వారు పట్టుబడ్డారు. అక్కచెల్లెండ్రిద్దరూ జర్మను నిర్బంధ శిబిరంలో మరణించారు. హాలెండు యూదులలో లక్షకు పైగా ఈ విధంగా హతమయ్యారు.

1942 వేసవిలోనే జర్మను సేనలు ఇతర పౌరుల సైకిళ్లను కూడ లాగుకొనసాగినవి. 1944-45 శీతకాలంలో నగరంలో తిండి లేక వేలాదిమంది మరణించారు. రబ్బరు టైర్లు దొరకక, కొయ్య చక్రాలు వేసుకొనీ, ఉత్త ఇనుప చట్రంమీదనూ స్త్రీలు పల్లెలకు పోయి దుప్పట్లు, నగలు ఇచ్చి బంగాళాదుంపలు తెచ్చుకొన్నారు. యుద్ధం ముగిసిన తరువాత ఎన్నో ఏండ్లవరకు జర్మనులు కనబడితే "మా సైకిలు తిరిగి ఇవ్వండి" అని అడగడం అక్కడి ప్రజలలో ఒక ఎత్తిపొడుపుగా ఉండేది. వినడానికి అది వేళాకోళం. ఆకలినాటి సంగతి ఎరిగినవారికి అందులోని చేదు తెలియకపోదు.

ఈ ఇంటి ముందునుంచి కాలువల వెంట దక్షిణంగా కొంతదూరం పోయి, ఎడమకు తిరిగితే స్పాయ్ అనే చిన్న చౌకు వస్తుంది. అక్కడ నడుముపై చేతులుంచుకొని నిలిచిన ఒక వీధిబాలుని కంచుబొమ్మ ఉన్నది. లోకంలోని నగరాలన్నిటిలో నేడు కనిపించే పౌర సైకిళ్లకు జన్మస్థానం ఈ బొమ్మ పాదాల చెంత.

1960 నాటికి కాలం మారింది. చేతిలో డబ్బు ఆడినవారు మోటారు కార్లు కొన్నారు. కాలువ గట్లు కార్లతో నిండిపోయినవి. కార్లకు చోటు చాలడంలేదని 1954లోనే నగర పోలీసు ప్రధానాధికారి కొన్ని కాలువలను పూడ్చివేయాలని ప్రతిపాదించి ఉన్నాడు. ఆ స్థితిలో 1965లో "ప్రోవో" అనే పేరుతో కొందరు యువకులు బయలుదేరారు. వారిలో లూడ్ స్కిమ్మెల్‌పెన్నింక్ అనే యువకుడు తెల్ల సైకిళ్ల పథకం రచించాడు. నగర మధ్యభాగంలో కార్లను నిషేధించాలి. నగరపాలక సంస్థ ఏటా ఇరవై వేల సైకిళ్లు కొని, తెల్లరంగు పూసి, తాళం లేకుండ వీధులలో వదలాలి. కావలసినవాడు ఎక్కి, పని తీరినచోట దిగి, తరువాతివానికి వదలిపోవాలి. అద్దె లేదు, ధరావతు లేదు, పేరడిగే పుస్తకం లేదు. 1965 జూలైలో స్పాయ్ చౌకులో ఆ యువకులు జనం ఎదుట కొన్ని సైకిళ్లకు తెల్లరంగు వేసి ప్రజలకు సమర్పించారు.

పోలీసులు వాటిని పట్టుకొనిపోయారు. తాళం వేయని సైకిలును వీధిలో వదలడం చట్టవిరుద్ధమని వారు చెప్పిన కారణం. దొంగతనాన్ని ప్రోత్సహించినట్లు అవుతుందట! యువకులు ఓడిపోక, సైకిళ్లకు అంకెల తాళాలు వేసి, ఆ అంకెలను బండిమీదనే వ్రాసి మళ్లీ వదిలారు. చట్టానికి తాళమూ ఉన్నది, జనానికి బండీ ఉన్నది. 1967లో స్కిమ్మెల్‌పెన్నింక్ నగరసభలో సభ్యుడై పథకాన్ని సభలో ప్రవేశపెట్టాడు, సభ్యులు త్రోసిపుచ్చారు.

తెల్ల సైకిలు నగరంలో బ్రతకలేదు. కాని హాలెండులోనే హోగె వెలూవె అనే విశాలమైన అడవి ఉద్యానంలో 1970ల నడిమినుంచి నేటివరకు తెల్ల సైకిళ్లు ఉచితంగా తిరుగుతున్నవి. ఆ ఉద్యానానికి కంచె ఉన్నది, ద్వారాలున్నవి. సైకిలు ఎవరు ఎక్కడ దింపినా అది లోపలనే ఉంటుంది. కంచె లేని నగరంలో ఆ మాత్రం హామీ ఏది?

ఆ హామీకొరకు యూరపు నగరాలు ముప్పది ఏండ్లు వెదకినవి. 1974లో ఫ్రాన్సులోని లా రోషెల్ పట్టణం పసుపుపచ్చ సైకిళ్లను ప్రజలకిచ్చింది. 1995లో కోపెన్‌హాగెన్ ఒక ఉపాయం కనిపెట్టింది. ఇరవై క్రోనుల నాణెం వేస్తే సైకిలు విడుదల అవుతుంది. మరొక నిలుపుచోటులో తగిలిస్తే నాణెం తిరిగి వస్తుంది. కాని ఇరవై క్రోనులకు సైకిలు ఖరీదైనదా అని తలచినవారు కొందరు తిరిగి ఇవ్వనే లేదు. 1998లో ఫ్రాన్సులోని రెన్ నగరం నాణేనికి బదులు కార్డు ప్రవేశపెట్టింది. 2005లో లియోన్, 2007 జూలైలో పారిస్ అదే మార్గం అనుసరించినవి. పారిస్ విజయం చూచిన తరువాత లండను మొదలు చైనాలోని హాంగ్‌జౌ వరకు ఎన్నో నగరాలు ఆ పద్ధతిని చేపట్టినవి. కార్డులో మనిషి పేరుంటుంది, బ్యాంకు ఖాతా ఉంటుంది, ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగినదీ నమోదవుతుంది. మన పేట షాపు యజమాని పుస్తకమే యంత్రరూపంలో తిరిగి వచ్చిందన్నమాట. తేడా ఒకటున్నది: షాపువాని పుస్తకంలో మనం ఎక్కడెక్కడికి పోయినదీ ఉండేది కాదు.

తెల్ల సైకిళ్ల యువకులు అడిగినవి రెండు. ఒకటి ఉచితమైన బండి. అది వారికి దొరకలేదు. రెండవది కార్లనుంచి విడుదలైన వీధి. ఆ రెండవ కోరికను వారి తరువాత మరికొందరు చేపట్టి సాధించారు. ఆ కథ జరిగిన చోట్లలో ఒకటి స్పాయ్‌కి దక్షిణంగా పది నిమిషాల దూరంలో ఉన్న డి పైప్ అనే పేట.

1971లో హాలెండు రోడ్లపై సుమారు 3,300 మంది మరణించారు. వారిలో 400కు పైగా పిల్లలు. మన లెక్కలకు అలవాటుపడిన చెవికి ఈ సంఖ్య చిన్నదిగా తోచవచ్చును. కాని ఆ దేశపు జనాభా నాడు కోటి ముప్పది లక్షలు మాత్రమే. బిడ్డను కోల్పోయిన ఒక పత్రికారచయిత 1972లో "బాలహత్య ఆపండి" అనే శీర్షికతో ఒక వ్యాసం వ్రాశాడు. ఆ మాటే ఉద్యమానికి పేరయింది. తల్లులు పిల్లలను వెంటబెట్టుకొని నడివీధులలో కూర్చున్నారు. డి పైప్ పేటలోని పిల్లలు తామే వీధికి అడ్డుకట్టలు కట్టి, ఆడుకొనడానికి చోటు కావాలని అడిగారు. 1972లో అక్కడి టెలివిజను ఆ దృశ్యాలను చూపించింది. ఇరుకు ఇండ్ల ముందు, కార్ల నడుమ, పిల్లలు సంతకాలకై ఇల్లిల్లూ తిరిగారు. 1973లో చమురు కొరత వచ్చింది. ప్రధానమంత్రి డెన్ ఆయిల్ ప్రభుత్వం నవంబరు 4వ తేదీనుంచి కొన్ని ఆదివారాలు కార్లను నిషేధించింది. ఆ ఆదివారాలలో పిల్లలు రాజమార్గాలపై సైకిళ్లు త్రొక్కారు, చక్రాల బూట్లతో జారారు. వీధి అంటే ఏమిటో మరచిపోయిన పెద్దలకు ఆ దృశ్యం జ్ఞప్తి చేసింది. 1975లో సైకిలువారి కొత్త సంఘం ఏర్పడింది. క్రమంగా ప్రభుత్వం సైకిలు బాటలు వేయనారంభించింది.

ఇప్పుడు ఆ దేశపు జనాభా కోటి డెబ్బది లక్షలు దాటినా, ఇటీవలి సంవత్సరాలలో రోడ్డు మరణాలు ఏడు వందల దరిదాపున ఉన్నవి. మరణించేవారిలో ఇప్పుడు సైకిలువారే హెచ్చు, వారిలో వృద్ధులు ఎక్కువమంది. కనుక పని పూర్తి అయినదని వారు కూడ అనుకోవడం లేదు. 2023 డిసెంబరు 8 నుంచి ఆమ్‌స్టర్‌డామ్ వీధులలో పెక్కింటిలో వాహనాల వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటరాదని నిబంధన పెట్టారు.

డి పైప్ పేటకు చేరువలోనే రైక్స్ మ్యూజియం ఉన్నది. రెంబ్రాంట్ చిత్రాలకు నిలయమైన ఈ సౌధాన్ని శిల్పి పియర్ కైపర్స్ రచించాడు. 1885లో ఇది తెరువబడింది. దక్షిణాన కొత్త పేటలు లేస్తున్నందున, నగరానికీ ఆ పేటలకూ నడుమ ఈ భవనం అడ్డుగోడ కారాదని, భవనపు నడిబొడ్డునుంచే ఒక బాట విడువవలసి వచ్చింది. ఆ బాట నేడు సైకిలు దారి. 2003లో మరమ్మతులకై మ్యూజియం మూసినప్పుడు, ఆ బాటలో సందర్శకులకు ప్రధాన ద్వారం ఏర్పరచాలని శిల్పులు తలపెట్టారు. సైకిలువారు ఒప్పుకోలేదు. బొమ్మలు గోడలమీద ఉండవచ్చునుగాని, పనికి పోయే దారి మాత్రం తమదన్నారు. ఏండ్ల తరబడి వాదం నడిచింది. భవనపు నక్షా మారింది. 2013 ఏప్రిలులో రాణి బియాట్రిక్స్ మ్యూజియాన్ని తిరిగి ప్రారంభించింది. మే నెలలో సైకిళ్లు మళ్లీ ఆ కమానుల క్రింద పోసాగినవి. మేము పోయిన వేళకు ఆ బాటలో ఒక వాద్యబృందం వాయిస్తున్నది. ఇరువైపుల అద్దాలలో లోపలి మందిరం కనబడుతున్నది. పాలు, రొట్టెలు బుట్టలో వేసుకొన్న ఒక గృహిణి, రాజసౌధపు నడుమనుంచి పోతున్నాననే తలపే లేకుండ, గంట మ్రోగించి మమ్ము దాటిపోయింది.

స్టేషనుకు తిరిగి వచ్చే దారిలో న్యూమార్కెట్ చౌకు వద్ద ఒకసారి దిగాలి. ఇది ఈస్టిండియా భవనానికి కొద్ది అడుగుల దూరం. భూగర్భ రైలు మార్గంకొరకు, దానిపైన ఒక పెద్ద మోటారు రస్తాకొరకు, ఈ ప్రాంతపు పాత ఇండ్లను పడగొట్టాలని నగరసభ నిశ్చయించింది. యుద్ధకాలంలో యూదులు తరలింపబడి శూన్యమైన ఇండ్లు అక్కడ ఎన్నో ఉండేవి. ఇండ్లలో ప్రవేశించి కూర్చున్న యువకులకూ పోలీసులకూ 1975 మార్చి 24న పెద్ద సంఘర్షణ జరిగింది. ఇండ్లు కూలినవి, రైలుమార్గం వచ్చింది. కాని మోటారు రస్తా ఆగిపోయింది. కూల్చినచోట పాత వీధుల వరుసనే మళ్లీ నివాసగృహాలు లేచినవి. రైలు స్టేషను గోడలపై ఆనాటి పోరాటపు గుర్తులు చిత్రాలుగా నిలిపారు. ఓడినవారి జ్ఞాపకాన్ని గెలిచినవారే గోడకెక్కించడం మెచ్చుకొనదగిన సంగతి. ఆ రస్తా వచ్చి ఉంటే, అద్దె సైకిలుపై ఈ చౌకులో నిలిచి కాఫీ త్రాగే అవకాశం మాకు ఉండేది కాదు.

స్టేషనును కూడ కైపర్స్ శిల్పియే 1889లో నిర్మించాడు. దాని ముందు నీటి అడుగున, ఏడు వేల సైకిళ్లు నిలుపగల ఒక శాల 2023 జనవరిలో తెరువబడింది. అందులో ఏడు వందలు రైల్వేవారి అద్దె సైకిళ్లకు కేటాయించారు. మొదటి దినం ఎవరికీ రుసుము లేదు. ఒకనాడు రంధ్రపు బిళ్లతో బీదవాని గుర్తుపట్టిన దేశంలో, పన్నులు కట్టినవారి సొమ్ముతో, సైకిలుకు నీటిక్రింద మందిరం కట్టారు. స్టేషను వెనుక రేవులో పడవలు సైకిలువారినీ పాదచారులనూ ఉచితంగా ఆవలి గట్టుకు చేరుస్తాయి. సాయంకాలం అయిదు గంటల వేళ ఆ పడవలో నిలుచుంటే ఉద్యోగులు, పిల్లలను ముందు పెట్టెలో కూర్చుండబెట్టిన తల్లులు, ముసలివారు, మా వంటి పరదేశులు, అందరూ ఒకే వరుసలో హాండిలు పట్టుకొని నిలుచుంటారు. అక్కడ ఎవరినీ పేరడిగేవారు లేరు. పడవ గట్టుకు తగిలి పలక దిగగానే గంటలన్నీ ఒక్కసారి మ్రోగుతాయి.